ఏడు కళ్ళు, ఒక చుక్క

బచ్చప్ప పెట్టిన కళ్ళు నిద్రపోవని మా వైపు పేరు. బేతమంగళ చెరువు నుంచి ఆవని కొండ దాకా ఏ తోట గట్టున చూసినా ఆయన చేసిన, మా నోళ్ళలో మునప్ప అయిన సిమెంటు మునీశ్వరుడు కత్తి పట్టుకుని కూర్చుని ఉంటాడు. మూరెడు మీసాలు, సాసర్లంత కళ్ళు. మామిడికాయల దొంగ ఎటు నక్కినా ఆ కళ్ళు అటే తిరుగుతాయంటారు. కాయలు పోవడం మాత్రం ఆగలేదు. అందులో బచ్చప్ప పనితనం లోపమేమీ లేదు, ఈ కాలపు దొంగలకు భక్తి తక్కువ.

బచ్చప్ప తండ్రి పుంగనూరు పక్క పల్లె నుంచి మూట నెత్తిన పెట్టుకుని కేజీఎఫ్‌కు వచ్చినప్పుడు అక్కడి బంగారు గని తెల్లవాళ్ళది. బచ్చప్ప పనిలో చేరేసరికి సర్కారుదైంది. దానివల్ల వచ్చిన మార్పేమిటని అడిగితే, తిట్లు ఇంగ్లీషు నుంచి అరవంలోకి మారాయని చెప్పేవాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టడం ఆయన పని. ఒకసారి మేముండే గని కూలీల లైను మారెమ్మ గుడి మీది బొమ్మలు బాగుచేయడానికి సేలం వైపు నుంచి ఒక శిల్పి వచ్చాడు. సెలవు రోజుల్లో ఆయనకు సిమెంటు కలిపి ఇస్తూ బచ్చప్ప ఆ విద్య పట్టేశాడు. గని నడిచినన్నాళ్ళూ అది సరదా. గని మూతపడ్డాక లైనులో సగం మంది పొద్దున్నే బెంగుళూరు రైలెక్కడం మొదలుపెడితే, బచ్చప్ప దేవుళ్ళ మీద పడ్డాడు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. బొమ్మ అంతా అందరి ముందూ చేయవచ్చు, కళ్ళు మాత్రం చాటున పెట్టాలి. బొమ్మ చుట్టూ తెర కడతారు. చేసినవాడు ఉపవాసం ఉండి ఒక్కడే లోపలికి వెళ్ళి, స్వామి ముఖానికి ఎదురుగా అద్దం నిలబెట్టి కనుపాప దిద్దుతాడు. దేవుడి మొదటి చూపు మనిషి మీద పడితే మనిషి మాడిపోతాడట, అందుకని అద్దం మీద పడనిస్తారు. ఆ తర్వాతే గుమ్మడికాయ కొట్టి తెర తీస్తారు. ఆ తెర దాటి ఆడవాళ్ళు లోపలికి రాకూడదు. ఎందుకు రాకూడదో ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు అడగనూ లేదు, ఎందుకంటే ఆ సమయానికి వాళ్ళు వెనక పొంగలి వండుతూ ఉంటారు.

ఇంత పేరున్న బచ్చప్పకు చూపు పోయింది.

ఒక్కసారిగా పోలేదు. మొదట పక్కలు కనబడకుండా పోయాయి, తర్వాత మధ్యలో మిగిలిన ముక్క కూడా పొగచూరింది. కంటి నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఒళ్ళూ, మీసాలూ, కత్తీ చేత్తో తడిమి చేయగలడు. ముప్పై ఏళ్ళు భూమి లోపల చీకట్లో కొయ్యలు బిగించినవాడికి అదొక లెక్క కాదు. కనుపాప అట్లా కాదు. అది గింజంత పక్కకు జరిగితే మునీశ్వరుడు మెల్లకన్ను పెట్టి పక్క ఊరి చేను కాపలా కాస్తాడు.

అప్పటినుంచి కళ్ళు పెడుతున్నది అక్కయమ్మ. అంటే ఆయన భార్య. రంగు గిన్నెలు మోసుకొచ్చే వంకతో తెర దాకా వచ్చి, గిన్నె అందిస్తున్నట్టు ఎవరి కంటా పడకుండా లోపలికి దూరేది. లోపల ఆయన అద్దం పట్టుకుంటే ఆమె కుంచె పట్టేది. పని కాగానే వెనక నుంచి జారుకుని పొంగలి దగ్గర తేలేది. చూపు పోయిన సంగతీ, ఈ సంగతీ ఊళ్ళకు తెలియవు; ఆయన ఆమె భుజం పట్టుకుని నడిస్తే వయసైపోయిందనుకునేవాళ్ళు. నాకు తెలుసు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. లైను ఇళ్ళు కట్టినవాళ్ళు రహస్యాలకు చోటు వదల్లేదు.

ఇట్లా మూడేళ్ళు గడిచాయి. అప్పుడు ఆవని కొండ కింద ధ్యాన కేంద్రం ఒకటి వెలిసింది. బెంగుళూరులో ఏదో పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్ ఒకామె దాన్ని పెట్టింది. మంచి మనిషి. నూలు చీర, తెల్లగా నెరిసిన క్రాపు, ఎవరిని చూసినా నమస్కారం పెట్టే అలవాటు. తోట మధ్యలో బుద్ధుడు కావాలంది. బచ్చప్ప పేరు విని కారు పంపించింది. అక్కయమ్మతో పాటు నన్నూ ఎక్కించుకున్నారు. కన్నడం, ఇంగ్లీషు అవసరమైతే పనికొస్తానని. తీరా చూస్తే ఆమెకు తెలుగు నాకంటే బాగా వచ్చు.

మేడమ్ ఒక్కొక్క అంగానికీ అర్థం చెప్పింది. తల మీద ముడిలాంటిది జ్ఞానానికి గుర్తట. సాగిన చెవులు, రాజకుమారుడిగా ఉన్నప్పుడు పెట్టుకున్న బరువైన పోగులు వదిలేసినందుకు గుర్తట.

“మా అవ్వ చెవులూ అట్లనే సాగిపోయి ఉండె మేడమ్. కమ్మలు వదిలేసింది అవ్వ కాదు, మా తాత తాకట్టు పెట్టినాడు,” అన్నాడు బచ్చప్ప.

ఎడమ చెయ్యి ఒళ్ళో ఉండాలి, కుడి చెయ్యి మోకాలి మీదుగా దిగి నేలను తాకాలి. జ్ఞానం కలిగిన వేళ నీకు సాక్షి ఎవరని అడిగితే బుద్ధుడు భూమిని సాక్షిగా పిలిచాడని ఆమె చెప్పింది.

“భూమినా?” అన్నాడు బచ్చప్ప. “మేము దాని కడుపులోనే పనిచేసినాము మేడమ్. ఒక్కనాడూ ఎవురి పక్కా నోరు తెరిచింది లే. ఆయప్ప పిలిస్తే వచ్చిందంటే, గొప్పోడే.”

అంతవరకూ బాగానే నడిచింది. తగువంతా కళ్ళ దగ్గర వచ్చింది. బుద్ధుడి కళ్ళు సగం మూసి ఉండాలని మేడమ్ అంది. బచ్చప్పకు రోషం వచ్చింది.

“నిద్రపోయే దేవుడు నా చేతిలో రాడు మేడమ్. కండ్లు మూసుకున్నోడు తోట కాపాడేది యాడ?”

“కాపలాకు కాదు బచ్చప్పగారూ. నిద్రా కాదు. సగం చూపు తన లోపలికి, సగం చూపు మన కష్టం మీద. ఏదీ వదలడం లేదన్నమాట,” అని ఆమె ఓపికగా చెప్పింది.

ఆయన సరేనన్నాడు గానీ కనుగుడ్లు మాత్రం మునీశ్వరుడికి చేసినట్టే ఇంతలావున చేసి పెట్టాడు. చేతికి అలవాటైన కొలత అది. ఆ గుడ్లకు కనుపాపలు దిద్ది ఉంటే, చెట్టు కింద కూర్చున్న బుద్ధుడు దొంగను చూసి ఉలిక్కిపడినట్టు ఉండేది. మామూలుగా తెర కట్టారు. అక్కయమ్మ రంగు గిన్నెతో పాటు సున్నం ముద్ద కూడా పట్టుకెళ్ళింది. గుడ్లను సగం దాకా కప్పి, రెప్ప దించి, కింద సన్నగా ఒక గీత గీసింది.

తెర తీశాక మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంత సరైన చూపు తాను పెద్ద పెద్ద విహారాల్లో కూడా అరుదుగా చూశానంది. ఆ భావం ఎట్లా పట్టారని బచ్చప్ప చేతులు పట్టుకుని అడిగింది. ఆయన తలవంచుకుని, “అంతా పైవాడి దయ,” అన్నాడు. పైవాడు ఆ సమయానికి వంట షెడ్డు దగ్గర గిన్నెలు కడుగుతోంది.

తిరిగొచ్చే దారిలో నేను అక్కయమ్మను అడిగాను, ఆ చూపు ఎక్కడిదని.

“యాడిదేముంది నాయనా. షిఫ్టు దిగి వచ్చి గడపమీద ఇట్లా కూర్చునేవాడు కదా ఈ మనిషి. నిద్రపోడు, నేను చెప్పేది వినడు. ముప్పై ఏండ్లు చూసినాను ఆ మొగాన్ని. మేడమ్ చెప్పినంత అర్థం దాంట్లో ఉండాదని నాకు ఇప్పుడే తెలిసింది,” అంది. ముందు సీట్లో బచ్చప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ బుద్ధుడితో వచ్చిన పేరే కొంప ముంచింది. మేడమ్ రెండో విగ్రహం చెప్పింది. తెల్ల తార. బౌద్ధులు కొలిచే, పద్మం మీద కూర్చునే తల్లి. ఒక చెయ్యి వరమిస్తున్నట్టు కిందికి, ఒక చెయ్యి గుండె దగ్గర తామరకాడ పట్టుకుని. ఈ తల్లికి కళ్ళు ఏడు. ముఖాన మూడు, అరచేతుల్లో రెండు, అరికాళ్ళలో రెండు. ఏ మూల ఎవరు బాధపడుతున్నా కనబడాలని. సహాయం చేసే చేతికీ, బయల్దేరే కాలికీ కూడా చూపు ఉండాలని. కళ్ళకు పేరుపడ్డ మనిషికి ఇంతకంటే మంచి పని ఏముంటుందని మేడమ్ మురిసిపోయింది.

“ఇంకొక మాట. ఈసారి తెర వద్దు. కళ్ళు దిద్దుతుంటే అందరూ చూడాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ పిలుస్తున్నాను,” అంది.

బచ్చప్ప మొదటి చూపు ప్రమాదం గురించి చెప్పాడు. మనుషులు మాడిపోతారన్నాడు. ఈ తల్లి చూపు ఎవరినీ మాడ్చదనీ, ఆ చూపు పడాలనే జనం వస్తారనీ మేడమ్ అంది. ఆమె చెప్పింది ఆమె ధర్మంలో నిజమే. బచ్చప్పకు ఒప్పుకోక తప్పలేదు.

ఆ వారమంతా గోడ అవతల రగడే.

“చెప్పేయ్ ఆ మేడమ్‌కి. మంచామె, అర్థం చేసుకుంటాది,” అనేది అక్కయమ్మ.

“మేడమ్ అర్థం చేసుకుంటాది. ఊర్లు? ఈ మూడేండ్లు పెట్టిన మునప్పలందరికీ ఆడదాని చేత కండ్లు తెరిపించినానని తెలిస్తే గుడి ముందర నిలబెడతారు. గని పోయింది, చూపు పోయింది. ఇంగ ఉండేది పేరొక్కటే. అదీ పోవాల్నా మే?”

అక్కయమ్మ అంది: “నీ పేరు పోతాదని నీకు భయం. నాది పోతాదని నాకు ఆ భయం కూడా లే. ఉంటే కదా పోయేకి.”

ఆ మాట విన్నాక గోడ ఇవతల నాకు అన్నం సయించలేదు.

ఆ రోజు రానే వచ్చింది. జనం బాగా వచ్చారు. మునీశ్వరుణ్ణి చేయించుకున్న ఊళ్ళవాళ్ళంతా తమ శిల్పికి జరిగే మర్యాద తమకే జరుగుతున్నట్టు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళందరికీ పెద్ద చెన్నరాయప్ప, బేతమంగళ పక్క పల్లె ఆసామి. సిల్కు పంచె కట్టుకుని మేడమ్ పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. తెల్లటి తార నిండుగా, చల్లగా కూర్చుని ఉంది. ఏడు చోట్లా గుడ్డిగా ఉంది.

బచ్చప్ప విగ్రహం ముందరి బల్ల మీదికి ఎక్కాడు. ఎడమ చేత్తో నుదురు తడిమాడు, కనుబొమ తడిమాడు, కుడి చేత్తో కుంచె ఎత్తాడు. నల్లరంగు బొట్టు ఒకటి తార చెంప మీద పడింది.

జనం ఉసూరన్నారు. అక్కయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో చెన్నరాయప్ప చేతులు చరిచి లేచాడు.

“ఆహా! దిష్టి చుక్క! ఇంత అందమైన తల్లికి ఫస్టు దిష్టి చుక్క పెట్టాల్నని ఎవురికి తోచింది? బచ్చప్పా, నువ్వు మామూలోడివి కాదప్పా!”

అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ కూడా సంబరంగా ఆ ఆచారం గురించి పక్కవాళ్ళను అడుగుతోంది. చూపు లేని చేతి తప్పు కూడా పేరున్నవాడికి పనితనమే అవుతుంది. ఆ క్షణాన బచ్చప్ప కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయినా ఎవరూ అనుమానించరు. గోడకు ఇవతలి మనిషిగా చెబుతున్నాను, ఆయన దిగిపోవాలనే నేను మొక్కుకున్నాను.

ఆయన దిగలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగాడు. అక్కయమ్మ ఉంటుందనుకున్న వైపు ముఖం తిప్పాడు. ఆమె ఉన్నది రెండో వైపు.

“ఏమ్మే, రా. నీ పని నువ్వు చేసుకో,” అన్నాడు.

“ఈడనా? అందరి ముందరా?” అంది ఆమె.

“ఇన్నాళ్ళు తెర వెనక చేసినావు. ఈ తల్లి తెర వద్దనింది. నాకు చూపు లేదప్పా,” అని ఇటు జనం వైపు తిరిగాడు, “మూడేండ్లు దాటింది. అప్పటినుంచి మీ మునప్పలకి కండ్లు పెట్టింది ఈమె.”

అక్కయమ్మ కొంగు దోపుకుని బల్ల ఎక్కింది. నిమ్మళంగా ముఖాన మూడు, చేతుల్లో రెండు, పాదాల్లో రెండు దిద్దింది. ఆమె వేళ్ళు ఒక్కచోట తడబడలేదు. ఆ చెయ్యికి అది మొదటిసారి కాదని చూసిన ప్రతివాడికీ తెలిసిపోయింది. చివర తడిగుడ్డ తీసుకుని చెంప మీది చుక్క తుడవబోతే బచ్చప్పకు ఎట్లా తెలిసిందో, చెయ్యి పట్టుకున్నాడు.

“అది వదిలేయ్ మే. ఈ తల్లి మీద నాదని ఉండేది అదొక్కటే.”

మేడమ్ బల్ల దగ్గరికి వచ్చి అక్కయమ్మ చేతులు కళ్ళకద్దుకుంది. బుద్ధుడి ముందు ఎవరి చేతులు పట్టుకోవాల్సి ఉండిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. చెన్నరాయప్ప భోజనానికి ఆగలేదు.

నాలుగు రోజులకు చెన్నరాయప్ప ఊరి నుంచి కబురొచ్చింది. వెళ్ళాం. చెరువు కట్ట మీద, బచ్చప్ప పెట్టిన మునీశ్వరుడి ఎదురుగానే పంచాయితీ. ఆడదాని చేత తెరిపించిన కళ్ళు చెల్లవని కొందరు. ఆ స్వామి వచ్చినప్పటినుంచే చెరువు నిండిందనీ, ఆవులు చూలు నిలిచి ఈనుతున్నాయనీ, చెల్లకపోతే అదెట్లాగనీ కొందరు. స్వామిని పగలగొట్టాలని ఒకడన్నాడు గానీ ముందుకు రమ్మంటే వెనక్కు జరిగాడు. మొదటి చూపు ఆమె మీద పడి ఉంటే ఏమీ ఎందుకు కాలేదని పూజారి ఆవులప్ప అడిగాడు.

“కండ్లు పెట్టినదాన్నే కాల్చేస్తాడా సామీ? ఆయప్పకి ఆ మాత్రం బుద్ధి లేదా?” అంది అక్కయమ్మ.

చివరకు చెన్నరాయప్ప తీర్పు చెప్పాడు. పాత కళ్ళు చెరిపేసి, శాస్త్రప్రకారం బచ్చప్ప చేత మళ్ళీ పెట్టించాలి.

“నాకు చూపు లేదని చెప్పినాను కదప్పా.”

“చూపు సంగతి మేము అడిగినామా? తెర కట్టిస్తాము. తెర లోపలికి నువ్వు పోతే చాలు. రంగు గిన్నె పట్టుకొనేకి ఎవురో ఒకరు కావాల్నంటే, తోడు పిల్చుకో. మేము చూసేకి వస్తామా ఏమి?”

నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ పేరు వదులుకున్న మనిషికి అదే పేరు మళ్ళీ బలవంతంగా తగిలిస్తున్నారు, అది దక్కాల్సిన మనిషి పక్కనే నిలబడి ఉండగా. వెళ్ళిపోదాం రమ్మన్నాను. అక్కయమ్మే కదల్లేదు.

“సామిని కండ్లు లేకుండా వదిలేసి యాడికి పోయేది? ఆయప్ప ఏం తప్పు చేసినాడు?” అని గిన్నె అందుకుంది.

పాత కళ్ళు చెరిపి తెర కట్టారు. బచ్చప్ప అద్దం పట్టుకుని లోపలికి వెళ్ళాడు, వెనకే అక్కయమ్మ. ఊరంతా నేల చూపులు చూస్తూ నిలబడింది. కాసేపటికి లోపల నుంచి గాజుల చప్పుడు వినబడసాగింది. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. చెన్నరాయప్ప పలకలు వాయించేవాళ్ళ వైపు తిరిగి, “ఏం చూస్తా ఉండారు? గట్టిగా కొట్టండి!” అని కసిరాడు. పలకలు మోగాయి. గాజులు వినబడడం మానేశాయి.

గుమ్మడికాయ పగిలింది, తెర తీశారు. చేతులు జోడించిన జనం జోడించినట్టే ఆగిపోయారు. అవే మూరెడు మీసాలు, అదే కత్తి. కళ్ళు మాత్రం సగం మూసి ఉన్నాయి. అక్కయమ్మ ఒంటిరంగుతో రెప్పలు సగం దాకా దించేసింది.

“ఏమిది బచ్చప్పా? మునప్ప కండ్లు ఏమిట్లుండాయి?” అన్నాడు చెన్నరాయప్ప.

బచ్చప్పకు అదేమిటో తెలియదు. అద్దం కిందపెట్టి, చెయ్యి చాచి స్వామి కన్ను తడిమాడు. వేళ్ళకు పచ్చి రంగు అంటుకుంది. రెప్ప ఎక్కడిదాకా దిగిందో వేలితో కొలుచుకున్నాడు. అక్కయమ్మ గిన్నెలు సర్దుకుంటూ ఉంది, తలెత్తలేదు. ఆయన ముఖంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. ఆయన నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

“సరిగ్గానే ఉండాయి చెన్నరాయప్పా,” అన్నాడు. “ఊరంతా సగం మూసుకోని ఉంటే ఆయప్ప ఒక్కడే తెరుచుకోని ఏం చూస్తాడు?”

చెన్నరాయప్ప పలకలవాళ్ళను మళ్ళీ వాయించమన్నాడు.